కారు ఏసీ గాలి తగ్గినప్పుడు నేను చేసిన మరమ్మతు

విజయవాడ ఎండల్లో మా కారు ఏసీ ఫ్యాన్‌ను చివరి అంకె దాకా తిప్పినా గాలి సన్నగానే వచ్చేది. వచ్చిన ఆ కాస్త గాలీ చల్లగానే ఉండటంతో, గ్యాస్ తగ్గలేదనీ, గాలి వెళ్లే దారిలోనే ఏదో అడ్డుపడిందనీ అనిపించింది. చాలా కార్లలో లాగే మా కారులోనూ లోపలికి వచ్చే గాలిని వడగట్టే క్యాబిన్ ఫిల్టర్, డ్రైవర్ పక్క సీటు ఎదుట చిన్న సామాన్లు పెట్టుకునే గ్లవ్ బాక్స్ వెనక ఉంటుంది. ఆ పెట్టెను రెండు పక్కలా లోపలికి నొక్కి కిందికి దించి, వెనకనున్న మూత తీసి ఫిల్టర్‌ను బయటికి లాగితే, తెల్లగా ఉండాల్సిన మడతలు బూడిదరంగు దుమ్ముతో, ఎండిన వేపాకులతో పూర్తిగా మూసుకుపోయి కనిపించాయి. దులిపి మళ్లీ పెట్టడం నాకు సమ్మతం కాలేదు, ఎందుకంటే మడతల్లోకి దిగిన సన్నని ధూళి దులిపినంత మాత్రాన రాలదు. కొత్త ఫిల్టర్ తెచ్చి, దాని అంచు మీది బాణం గుర్తు గాలి వీచే దిశలో ఉండేలా అమర్చాను. ఈ గుర్తును తప్పక చూసుకోవాలి. గాలి వెంటనే మునుపటిలా ధారాళంగా వచ్చింది.

సర్వీసు పుస్తకంలో ఇంజిన్ ఆయిల్‌తో పాటు ఈ ఫిల్టర్ మార్చడానికీ గడువు రాసి ఉంటుంది. దుమ్ము రోడ్ల మీద తిరిగే కారుకైతే ఆ గడువు కన్నా ముందే, ముఖ్యంగా ఎండాకాలం మొదలుకాక మునుపే, దీన్ని తీయించి చూడటం మంచిది.