రోడ్డు పక్కన కురిసే వానలో సీసాన్ని ఎలా కొలవాలి?

మోటారు వాహనాల పెట్రోలులో సీసం కలపడం 2021లో అల్జీరియాతో ప్రపంచమంతటా ఆగిపోయింది. కానీ అంతకుముందు దశాబ్దాలపాటు రోడ్ల పక్క మట్టిలో పేరుకున్న సీసం అక్కడే ఉంది. సీసం కుళ్లేదీ విరిగేదీ కాదు. బండ్లు లేపే దుమ్ముతోపాటు గాల్లోకి లేచి, వానతో మళ్లీ కిందికి దిగుతుంది.

వాన నీళ్లు పట్టడం తేలికే. అందులో ఉండే సీసం మాత్రం లీటరుకు మైక్రోగ్రాముల్లోనే ఉంటుంది కాబట్టి, మన చేతుల మురికి కలిసినా లెక్క తారుమారవుతుంది. అందుకే సగం పని వాన రాకముందే ఉంది.

పాత్రల శుద్ధి: 20 సెం.మీ. వెడల్పు ప్లాస్టిక్ గరాటు, మూతలున్న పాలిథిన్ బాటిళ్లు తీసుకోండి. ఇత్తడి, టంకం, రంగు వేసిన లోహం ఎక్కడా తగలకూడదు. అన్నిటినీ 10 శాతం నైట్రిక్ ఆమ్లంలో 24 గంటలు నానబెట్టి, అయాన్లు తీసేసిన నీటితో మూడుసార్లు కడగండి. ఇది ల్యాబులో, కళ్లద్దాలు పెట్టుకుని చేయాల్సిన పని. ఆమ్లాన్నే నీటిలో పోయాలి, నీటిని ఆమ్లంలో పోయకూడదు. ఆరాక శుభ్రమైన సంచుల్లో కట్టేయండి.

చోటు: గరాటు అంచు నేలకు కనీసం 1.5 మీటర్ల ఎత్తున ఉండాలి, లేకపోతే టైర్లు చిమ్మే నీళ్లు పడతాయి. చెట్ల కింద, చూరు కింద వద్దు. పోల్చి చూడటానికి రోడ్డుకు దూరంగా ఇంకొకటి పెట్టండి.

పట్టడం: చినుకులు మొదలయ్యాకే, పౌడర్ పూయని గ్లోవ్స్‌తో మూత తీయండి. ముందే తెరిచి ఉంచితే ఎండు దుమ్ము పడి, వాన తెచ్చిందేదో దుమ్ము తెచ్చిందేదో తెలియదు. ఈ గరాటుకు 1 మి.మీ. వానంటే సుమారు 31 మి.లీ. మొదటి 60 మి.లీ. పట్టగానే బాటిల్ మార్చండి. గాలిని కడిగేది ఆ తొలి జల్లే. తర్వాతి వాన అంతా దాన్ని పలుచన చేస్తుంది. అన్నీ ఒకే బాటిల్లో పడితే ఈ తేడా కనిపించదు. చాలా రోజులు వాన లేక కురిసిన తొలి జల్లును అసలు వదలొద్దు.

భద్రపరచడం: ఎక్కువ మంది తప్పేది ఇక్కడే. ఆమ్లం కలపకపోతే సీసం బాటిల్ గోడలకు అంటుకుంటుంది, ఫలితం తక్కువగా వస్తుంది. 100 మి.లీ.కి 0.2 మి.లీ. గాఢ నైట్రిక్ ఆమ్లం కలిపితే పీహెచ్ 2 కంటే దిగుతుంది. పరీక్షకు ముందు కనీసం 16 గంటలు ఉంచండి. కరిగిన సీసం విడిగా కావాలంటే మాత్రం ఆమ్లం కలపకముందే 0.45 మైక్రాన్ల ఫిల్టరుతో వడకట్టాలి.

ఖాళీ నమూనా: అదే చోట, అదే గరాటు గుండా శుద్ధ జలం పోసి పట్టి, దానికీ ఆమ్లం కలిపి ల్యాబుకు పంపండి. అందులో వచ్చిన సీసం వాన నమూనాకు దగ్గరగా ఉంటే ఆ రోజు అంకెలన్నీ పక్కన పడేయాల్సిందే.

లెక్క: ఐసీపీ-ఎంఎస్ (అతి తక్కువ మోతాదు లోహాలను కొలిచే ల్యాబు యంత్రం) ఇచ్చే లీటరుకు మైక్రోగ్రాముల ఫలితాన్ని వాన మి.మీ.లతో గుణిస్తే చదరపు మీటరుకు ఎన్ని మైక్రోగ్రాములు దిగిందో వస్తుంది. లీటరుకు 5 మైక్రోగ్రాములున్న 2 మి.మీ. జల్లు అంటే 10. ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పే లీటరుకు 10 మైక్రోగ్రాములు తాగునీటి సూచిక. వాన నీటిని తాగడానికి నిల్వ చేసే చోటే దానితో పోల్చండి.