బెర్లిన్‌లో తక్కువ ఖర్చుతో ఊరివాళ్లలా

హైదరాబాద్ నుంచి వెళ్తుంటే అడాప్టర్ కోఠిలోనే కొనుక్కోండి, మన మూడు పిన్నుల ప్లగ్ అక్కడ పట్టదు. నీళ్లు కొనొద్దు, కుళాయి నీళ్లు నిశ్చింతగా తాగొచ్చు. కూల్‌డ్రింక్ ప్లాస్టిక్ సీసాకి 25 సెంట్ల డిపాజిట్ ఉంటుంది. ఖాళీ సీసాని సూపర్‌మార్కెట్ మెషిన్‌లో వేస్తే అది తిరిగొస్తుంది. సీసా నలపకండి, బార్‌కోడ్ అందకపోతే మెషిన్ వెనక్కి తోసేస్తుంది. మెషిన్ ఇచ్చిన చీటీ కౌంటర్‌లో ఇస్తే బిల్లులో తగ్గిస్తారు.

ఆదివారం దుకాణాలు దాదాపు అన్నీ మూతే. పాలు, కూరగాయలు శనివారమే తెచ్చుకోవాలి.

అసలు దెబ్బ రైలు టికెట్ దగ్గరే. మన మెట్రోలా గేట్లుండవు గనక చాలామంది మరిచిపోతారు: టికెట్ మీద ముద్ర లేకపోతే ప్లాట్‌ఫాం మీది ముద్ర మెషిన్‌లో పెట్టి వేయించాలి. మఫ్టీలో వచ్చే చెకర్‌కి దొరికితే 60 యూరోలు జరిమానా. నెలల తరబడి ఉండేవాళ్లకి డాయిచ్‌లాండ్ టికెట్ (జర్మనీ అంతటా లోకల్ రైళ్లు, బస్సుల్లో చెల్లే నెలవారీ పాస్) మేలు. అది నెలనెలా దానంతటదే కొనసాగే చందా, ఆ నెలాఖరుకి ఆపాలంటే 10వ తేదీలోపే రద్దు చేయాలి.