గ్రహణం నాడు ఇంట్లో భక్తికీ శాస్త్రానికీ చోటు కల్పించడం ఎలా

గ్రహణం వస్తోందని తెలియగానే చాలా తెలుగు ఇళ్లలో రెండు పక్షాలు ఏర్పడతాయి. పెద్దలు ఊరగాయ జాడీల మీద దర్భలు వేయించి, కడుపుతో ఉన్న కోడలిని గది దాటవద్దని చెబుతారు. చదువుకునే పిల్లలు అదంతా మూఢనమ్మకమని తీసిపారేస్తూ, పెద్దల జపాన్ని కూడా అదే గాటన కట్టేస్తారు. ఈ తగవు అనవసరమని నేను మనస్ఫూర్తిగా నమ్ముతాను. ఒకే ఇంట్లో, ఒకే పూట, జపమూ సాగవచ్చు, గ్రహణాన్ని కళ్లారా చూడనూ వచ్చు. 2027 ఆగస్టు 2 నాటి సూర్యగ్రహణం మన దేశంలో చాలా ప్రాంతాలకు పాక్షికంగా కనిపించేది కాబట్టి, దానిని దృష్టిలో పెట్టుకొని కింది పనులను ఒక్కొక్కటిగా ఆలోచించవచ్చు.

మొదటిది, గ్రహణానికి వారం ముందే ఇంటిల్లిపాదీ కూర్చొని పంచాంగం చదవడం. గ్రహణం పట్టే స్పర్శకాలం, మధ్యకాలం, విడిచే మోక్షకాలం అందులో గంటలు, నిమిషాలతో సహా ఉంటాయి. తమ ఊళ్లో కనిపించని గ్రహణానికి నియమాలు పాటించనక్కరలేదని సంప్రదాయమే చెబుతుంది కనుక, మీ ఊరికి అది కనిపిస్తుందో లేదో ముందు చూసుకోండి. ఆ నిమిషాలు ఎలా వచ్చాయని పిల్లలను అడగండి. నీడలు ఎప్పుడు ఎక్కడ పడతాయో గణిస్తేనే అవి వస్తాయి. క్రీ.శ. 499 నాటి ఆర్యభటీయంలో, సూర్యుణ్ణి చంద్రుడూ, చంద్రుణ్ణి భూమి నీడా కప్పుతాయని ఆర్యభటుడు స్పష్టంగా చెప్పాడు. రాహువును కాదన్నందుకు బ్రహ్మగుప్తుడు తర్వాతి కాలంలో ఆ పక్షాన్ని తప్పుపట్టాడు, అయినా గ్రహణాన్ని లెక్కించడానికి ఆయన వాడినదీ నీడల గణితాన్నే. మన ఇళ్లలో ఈనాడు జరిగే వాదాన్ని మన గణితకారులు పదమూడు వందల ఏళ్లకు పూర్వమే తమలో తాము చేసుకున్నారు.

ఇదే సందర్భంలో పిల్లలకు తప్పక చెప్పవలసిన పేరు చింతామణి రఘునాథాచారి. పంచాంగకర్తల కుటుంబంలో పుట్టి మద్రాసు వేధశాలలో (ఆకాశాన్ని పరిశీలించే కేంద్రంలో) పనిచేసిన ఆయన, 1868 ఆగస్టు 18 నాటి సంపూర్ణ సూర్యగ్రహణాన్ని వనపర్తి నుంచి పరిశీలించారు. అదే రోజు గుంటూరులో ఫ్రెంచి ఖగోళ శాస్త్రవేత్త జాన్సెన్, సూర్యుడి అంచున ఎగసే జ్వాలల కాంతిని వర్ణపటంగా విడదీసి చూశారు. హీలియం మూలకం గుర్తింపుకు దారితీసిన పరిశీలనల్లో అదొకటి. ఆ తర్వాతి కాలంలో రఘునాథాచారి దృగ్గణిత పంచాంగాన్ని ప్రచురించారు. ఆకాశంలో కంటికి కనిపించేదానితో లెక్క సరిపోవాలి, సరిపోకపోతే సవరించుకోవలసినది లెక్కనే అన్నది దృగ్గణితానికి మూలసూత్రం. తిథి తప్పితే పండుగే తప్పుతుంది కనుక, ఆచారం పాటించేవారికే ఈ కచ్చితత్వం ఎక్కువ అవసరం.

రెండో పని కొంచెం కష్టమైనది, అసలు కీలకం కూడా అదే. మీ ఇంట్లో పాటించే గ్రహణ నియమాలన్నిటినీ ఒక కాగితం మీద రాసి, ప్రతి నియమం దగ్గరా ఒకే ప్రశ్న వేసుకోండి: ఇది లోకంలో ఫలానాది జరుగుతుందని చెబుతోందా, లేక ఆ సమయంలో మనం ఎలా నడుచుకోవాలో చెబుతోందా? ‘గ్రహణ సమయంలో వండిన పదార్థం విషమవుతుంది’ అన్నది మొదటి రకం మాట. అది నిజమో కాదో పరీక్షించి తేల్చవచ్చు, కాదని తేలితే వదిలేయాలి. ‘పట్టు స్నానం చేసి జపానికి కూర్చోవాలి, విడుపు స్నానం తర్వాత దానం ఇవ్వాలి’ అన్నది రెండో రకం. అందులో ఏ ప్రయోగశాలా తేల్చవలసినది లేదు. రోజంతా పరుగులు తీసే మనిషి ఆ రెండు మూడు గంటలు ఫోను పక్కనపెట్టి, తనకంటే ఎంతో పెద్దదైన దాని ఎదుట తల వంచి, గతించిన పెద్దలను తలచుకొని తర్పణం వదలి, చివరకు లేనివారికి ఇంత బియ్యం ఇవ్వడమంటే, ఆ మనిషికి విశ్వాసం చేస్తున్న మేలు చిన్నది కాదు. గ్రహణం ఎందుకు పడుతుందో తెలిసినంత మాత్రాన ఆ మేలు ఒక్క పిసరు కూడా తగ్గదు.

ఇక్కడ ఒక హెచ్చరిక అవసరం. ప్రతి ఆచారానికీ ‘శాస్త్రీయ కారణం’ వెతికి తగిలించకండి. గ్రహణ సమయంలో ప్రత్యేకమైన కిరణాలు వెలువడతాయని, దర్భ వాటిని అడ్డుకుంటుందని చెప్పే సందేశాలు ఫోన్లలో తిరుగుతుంటాయి. సూర్యుడి నుంచి ఆ రోజు కొత్త కిరణాలేవీ రావు. చంద్రుడు అడ్డుపడినందువల్ల మనకు చేరే కాంతి తగ్గుతుంది, అంతే. అబద్ధపు కారణం మీద నిలబెట్టిన ఆచారం, పిల్లవాడు పదో తరగతి భౌతికశాస్త్రం చదివిన రోజున కూలిపోతుంది, దానితోపాటు పెద్దల మాట మీద గౌరవమూ పోతుంది. దర్భ వేయదలచినవారు దానిని ప్రార్థనగా వేయండి; వండిన అన్నం పాడవకుండా ఉండాలంటే ఫ్రిజ్‌లో పెట్టండి, లేదా విడిచాక తాజాగా వండుకోండి.

గర్భిణి విషయంలో మాత్రం మొహమాటానికి తావివ్వకూడదు. గ్రహణం చూస్తే బిడ్డకు మొర్రి వస్తుందన్న భయం మన ఊళ్లలో ఇప్పటికీ బలంగా ఉంది. పై పెదవి రూపుదిద్దుకునేది గర్భం దాల్చిన నాలుగో వారం నుంచి ఏడో వారం లోపల. ఆ సమయంలో రెండు వైపుల కణజాలం సరిగా కలవకపోవడం వల్ల మొర్రి ఏర్పడుతుంది. ఆరో నెలలో వచ్చిన గ్రహణం, అప్పటికే పూర్తయిన పెదవిని చీల్చలేదు. ఆమెను గంటల తరబడి నీళ్లు కూడా ఇవ్వకుండా కదలకుండా పడుకోబెట్టడం వల్ల కలిగే ప్రమాదం నిజమైనది. ఈ మాటను అత్తగారితో గ్రహణం రోజున వాదించి చెప్పవద్దు. ముందుగా, నెమ్మదిగా, వీలైతే డాక్టరు చేతనే చెప్పించండి. ఆవిడ భయం వెనుక ఉన్నది మనవడి మీదో మనవరాలి మీదో ప్రేమ. సంప్రదాయంలోనూ ఆధారముంది: సూర్యగ్రహణానికి నాలుగు జాములు (జాము అంటే సుమారు మూడు గంటలు), చంద్రగ్రహణానికి మూడు జాములు ముందుగా భోజనం మానాలన్న నియమం నుంచి పిల్లలకు, వృద్ధులకు, రోగులకు ధర్మశాస్త్రమే సడలింపు ఇచ్చింది. షుగరు మందులు వేసుకునే తాతగారికి వేళకు తిండి పెట్టడం అపచారం కాదని దీనినిబట్టి ధైర్యంగా చెప్పవచ్చు. గ్రహణానికి తిరుమల ఆలయం తలుపులు మూసుకుంటే, శ్రీకాళహస్తి ఆలయం తెరిచే ఉంటుందన్నది కూడా గుర్తు చేయండి. ఆచారం అన్నిచోట్లా ఒక్కటే కాదు.

ఇక చూడటం. చంద్రగ్రహణాన్ని ఎవరైనా మామూలు కళ్లతో ఎంతసేపైనా చూడవచ్చు. చంద్రుడి మీద పడిన నీడ అంచు వంపు తిరిగి ఉండటాన్ని చూపిస్తే, భూమి గుండ్రంగా ఉందన్న సంగతి పిల్లలకు కంటి ముందే తెలుస్తుంది. సూర్యగ్రహణం అలాంటిది కాదు. ఐఎస్ఓ 12312-2 అనే అంతర్జాతీయ ప్రమాణానికి సరిపోయే గ్రహణపు కళ్లద్దాలు లేకుండా సూర్యుడి వైపు చూడకూడదు. చలువ కళ్లద్దాలు, మసి పట్టిన గాజు, ఎక్స్‌రే ఫిల్ము, పళ్లెంలో పసుపు నీళ్లలో ప్రతిబింబం, వీటిలో ఏదీ సురక్షితం కాదు. కంటి లోపలి పొర అయిన రెటీనాకు నొప్పి తెలియదు కనుక కన్ను కాలిన సంగతి ఆలస్యంగా బయటపడుతుంది. కళ్లద్దాలు దొరకకపోతే అట్టముక్కకు సన్నని రంధ్రం చేసి, సూర్యుడికి వీపు పెట్టి నిలబడి, రంధ్రం గుండా వచ్చే వెలుగును తెల్ల కాగితం మీద పడనివ్వండి. అట్టకూ కాగితానికీ మధ్య ఒక మీటరు దూరం ఉంటే దాదాపు 9 మిల్లీమీటర్ల బింబం, కొరికినట్లుగా కనిపిస్తుంది. వేపచెట్టు కింద ఆకుల సందుల్లోంచి నేల మీద పడే వెలుగు చుక్కలన్నీ నెలవంకలైపోవడం, బయటికి రావడానికి ఇష్టపడని పెద్దలు కూడా కిటికీలోంచి చూడవచ్చు.

చూడనన్నవారిని వాకిట్లోకి లాగకండి. చూసి వచ్చినవారిని విడుపు స్నానానికి, దానానికి కలుపుకోవడానికి పెద్దలూ అభ్యంతరం పెట్టకూడదు. జపం చేసేవారు స్పర్శకాలం నుంచి మోక్షకాలం దాకా కూర్చుంటే, ఆ రెండు కాలాలూ పంచాంగంలో ఉన్న నిమిషానికే వచ్చాయో లేదో బయట ఉన్న పిల్లలు కాగితం మీది బింబాన్ని, గడియారాన్ని చూసి రాసుకోవచ్చు. తేడా వస్తే అది ఎన్ని నిమిషాలో ఆ పేజీలోనే గుర్తు పెట్టుకోండి. వచ్చే ఏడాది ఏ పద్ధతి పంచాంగం కొనాలో నిర్ణయించుకోవడానికి అది పనికొస్తుంది.