ఆడిటర్ ఫీజు: చిన్న వ్యాపారి ఏడాదికి ఎంత పక్కన పెట్టుకోవాలి?

మన దగ్గర లెక్కలు చూసే ప్రతివారినీ ఆడిటర్ గారనే పిలుస్తాం. ఫీజు విషయంలో తికమక అక్కడే మొదలవుతుంది. ఆ పిలుపు కింద మూడు రకాల వాళ్లుంటారు: ట్యాలీ (లెక్కల సాఫ్ట్‌వేర్)లో బిల్లులు ఎక్కించే అకౌంటెంట్, రిటర్నులు వేసే టాక్స్ కన్సల్టెంట్, చార్టర్డ్ అకౌంటెంట్ (సీఏ). టాక్స్ ఆడిట్ (ఇన్‌కమ్ టాక్స్ చట్టం కోరే లెక్కల తనిఖీ), కంపెనీ ఆడిట్ సీఏ మాత్రమే చేయాలి. నెలవారీ జీఎస్టీ రిటర్నులకు, మామూలు ఇన్‌కమ్ టాక్స్ రిటర్నుకు సీఏ ఉండాలన్న నియమం లేదు. కిరాణా కొట్టు లెక్కలకు సీఏ ఆఫీసు రేటు కట్టడం చాలాసార్లు దండగే.

టర్నోవర్‌ని బట్టి ఫీజు ఉంటుందని చాలామంది అనుకుంటారు. అసలు పని పెరిగేది బిల్లుల వల్ల. ఏడాదికి 80 లక్షలు అమ్మే ఫ్యాన్సీ షాపులో సరుకంతా మామూలు కస్టమర్లకే పోతుంది కాబట్టి అమ్మకాల రిటర్ను జీఎస్టీఆర్-1లో మొత్తాలు వేస్తే చాలు. అదే 80 లక్షలకు షాపులకు సరుకు వేసే శానిటరీ హోల్‌సేల్ అయితే, ప్రతి బిల్లూ కొన్నవారి జీఎస్టీ నంబరుతో విడిగా ఎక్కాలి. ఒక్క అంకె తప్పితే వాళ్లకు ఇన్‌పుట్ క్రెడిట్ (కొన్నప్పుడు కట్టిన జీఎస్టీని తమ పన్నులోంచి తగ్గించుకునే వీలు) కనిపించదు, మీకు రావాల్సిన డబ్బు ఆపేస్తారు. రెండో షాపుకు రెట్టింపు ఫీజు అడిగితే అన్యాయమేమీ కాదు.

ఇక రేట్లు. జిల్లా పట్టణాల్లో చిన్న షాపు జీఎస్టీ రిటర్నులకు నెలకు 500 నుంచి 1,500 రూపాయలు, బిల్లులు ఎక్కువుంటే 2,500 దాకా అడుగుతారు. హైదరాబాద్, విజయవాడ, విశాఖల్లో ఇంకాస్త ఎక్కువ. ట్యాలీ ఎంట్రీలు కూడా వాళ్లే చేయాలంటే నెలకు మరో 3,000 నుంచి 8,000. లాభాన్ని అంచనా శాతంతో (నగదు అమ్మకాలపై 8, బ్యాంకు ద్వారా వచ్చినవాటిపై 6) చూపించే ఇన్‌కమ్ టాక్స్ రిటర్నుకు 1,500 నుంచి 4,000. టాక్స్ ఆడిట్ పడితే 15,000 నుంచి మొదలు. ప్రైవేట్ లిమిటెడ్ పెట్టుకున్నారా, అమ్మకం సున్నా ఉన్నా ఆడిట్ తప్పదు. ఆడిట్, ఆర్వోసీ (కంపెనీల రిజిస్ట్రార్) ఫారాలు అన్నీ కలిపి ఏడాదికి 25,000 లోపు తేలడం కష్టం. ఆ ఫారాలు ఆలస్యమైతే ఒక్కోదానికి రోజుకు 100 రూపాయలు. ఇద్దరు అన్నదమ్ముల కొట్టుకు దర్జా కోసం కంపెనీ పెట్టేముందు ఈ ఖర్చు చూసుకోవాలి.

సరుకు అమ్మేవారికి జీఎస్టీ రిజిస్ట్రేషన్ పరిమితి ఆంధ్రప్రదేశ్‌లో 40 లక్షలు, తెలంగాణలో 20 లక్షలు. పోర్టల్‌లో దరఖాస్తుకు ప్రభుత్వ ఫీజు లేదు. ‘గవర్నమెంట్ ఫీజు’ అని విడిగా రాస్తే అది దేనికో అడగండి.

బేరం నెల ఫీజు మీద ఆడొద్దు, ఏడాది మొత్తం మీద ఆడండి. నెలకు 1,000 చొప్పున 12,000, ఇన్‌కమ్ టాక్స్ రిటర్నుకు 3,000, వెరసి 15,000. ఆడిటర్ తన బిల్లు మీద జీఎస్టీ వేస్తే 18 శాతం కలిపి 17,700. మీరు కాంపోజిషన్‌లో (టర్నోవర్ మీద చిన్న శాతం కట్టి, క్రెడిట్ వదులుకునే పథకం) లేకపోతే ఆ 2,700 క్రెడిట్‌గా తిరిగి వస్తుంది. ఇందులో ఏవి లేవో ముందే కాగితం మీద రాయించుకోండి. టర్నోవర్ 2 కోట్లు దాటితే పడే వార్షిక రిటర్ను జీఎస్టీఆర్-9, నోటీసుకు జవాబు, బ్యాంకు లోనుకు ప్రాజెక్ట్ రిపోర్ట్: గొడవలన్నీ ఈ మూడింటి దగ్గరే వస్తాయి. 5 కోట్ల లోపు ఉండి మూడు నెలలకోసారి రిటర్ను పెట్టుకుంటే ఆయన పని తగ్గుతుంది, ఫీజు తగ్గించమని అడగొచ్చు. కానీ మధ్య నెలల పన్ను 25వ తేదీలోగా కట్టాల్సిందే.

బిల్లులు మీరు ఇచ్చే తీరూ రేటును మారుస్తుంది. అమ్మకాల వివరాలు 5వ తేదీకల్లా ఎక్సెల్‌లో చేరితే తక్కువకు ఒప్పుకుంటారు. సంచీడు కాగితాలు 10న తెచ్చి పడేస్తే 11న జీఎస్టీఆర్-1 హడావుడిగా వెళ్తుంది, తప్పులు అప్పుడే దొర్లుతాయి. కొనుగోళ్లను 14న వచ్చే జీఎస్టీఆర్-2బితో (మీకు దొరికే క్రెడిట్ జాబితా) సరిచూశాకే పన్ను కట్టే రిటర్ను జీఎస్టీఆర్-3బి వేస్తారో లేదో కనుక్కోండి. చవక ఆఫీసులు ఎగ్గొట్టే పని ఇదే. తర్వాత నోటీసు వస్తే క్రెడిట్ వెనక్కి కట్టి, దాని మీద 18 శాతం వడ్డీ కట్టేది మీరే.

పోర్టల్‌లో మీ ఫోన్, మీ ఈమెయిలే ఉండాలి. ఆడిటర్ నంబరు పెడితే ఓటీపీలు, నోటీసులు ఆయనకే పోతాయి. మనస్పర్థ వస్తే లాగిన్ కోసం జీఎస్టీ ఆఫీసు చుట్టూ తిరగాలి. పన్ను డబ్బు ఆయన ఫోన్‌పేకి పంపొద్దు. చలానా తయారుచేయించుకుని మీ ఖాతా నుంచే కట్టండి. అమ్మకాలే లేని నెలా రిటర్ను వేయాలి, లేకపోతే రోజుకు 20 రూపాయలు ఆలస్య రుసుము. కొనుగోళ్లు కూడా లేకపోతే ఆ నిల్ (ఖాళీ) రిటర్ను రిజిస్టరైన ఫోన్ నుంచి 14409కి ఎస్సెమ్మెస్‌తో మీరే వేసుకోవచ్చు.

సీఏ ఇచ్చిన సర్టిఫికెట్ మీద 18 అంకెలు, అక్షరాలు కలిసిన గుర్తింపు సంఖ్య (యూడీఐఎన్) ఉండాలి. సీఏల సంస్థ ఐసీఏఐ సైటులో సరిచూసుకోవచ్చు. ఐసీఏఐ కనీస ఫీజుల పట్టిక కూడా ఉంది, అయితే అది సిఫార్సు మాత్రమే.

ఆడిటర్‌ని మార్చాలనుకుంటే ట్యాలీ బ్యాకప్, చలానాలు, రిటర్నుల కాపీలు ముందు తెచ్చుకోండి. కొత్త సీఏ ఆడిట్ ఒప్పుకునే ముందు పాత సీఏకి ఉత్తరం రాయాలి. వివాదం లేని ఆడిట్ ఫీజు పాత సీఏకి బాకీ ఉంటే కొత్తాయన ఒప్పుకోకూడదు కూడా, కాబట్టి పాత బాకీ తీర్చి రసీదు తీసుకున్నాకే కొత్త ఆఫీసు మెట్లెక్కండి.