ఎంబీఏ సిలబస్ ఇప్పటిదా, ఎప్పటిదా? వెబ్ ఆప్షన్లు పెట్టే ముందే తేల్చుకోండి ఇలా

ఎంబీఏ ప్రవేశ పరీక్ష ఐసెట్‌లో ర్యాంకు వచ్చి, కావాల్సిన కాలేజీలకు వెబ్ ఆప్షన్లు పెట్టుకునే రోజుల్లో ఏ కాలేజీ బ్రోషర్ చూసినా ఏఐ, బిజినెస్ అనలిటిక్స్, ఫిన్‌టెక్ అనే మాటలే. వాటిని కాసేపు పక్కన పెట్టండి. కొత్త పేరుతో ఒక ఎలక్టివ్ (విద్యార్థి ఎంచుకునే సబ్జెక్టు) చేర్చడం ఏ కాలేజీకైనా చిటికెలో పని. ఎవరూ పెద్దగా పట్టించుకోని ట్యాక్స్, లా, లేబర్ చట్టాల యూనిట్లలో మార్పు వచ్చిందా లేదా అన్నదే చూడాలి. ఓ సాయంత్రం కూర్చుంటే తేలిపోతుంది.

1. యూనిట్ల వారీ సిలబస్ సంపాదించండి

అనుబంధ కాలేజీ అయితే సిలబస్ యూనివర్సిటీదే, దాని వెబ్‌సైట్‌లోనే దొరుకుతుంది. జేఎన్‌టీయూ హైదరాబాద్‌లో ఆర్19, ఆర్22 అంటూ రెగ్యులేషన్ పేరులోనే సంవత్సరం ఉంటుంది. అటానమస్ కాలేజీలు సిలబస్ సొంతంగా తయారు చేసుకుంటాయి. దాన్ని ఖరారు చేసే బోర్డ్ ఆఫ్ స్టడీస్‌లో పరిశ్రమ నుంచి కూడా ఒకరు ఉండాలి. మీటింగ్ మినిట్స్ వెబ్‌సైట్‌లో పెట్టి ఉంటే తప్పకుండా చదవండి. ఏ పాఠం తీసేశారో, ఏది చేర్చారో, ఎందుకో రాసి ఉంటే ఆ కాలేజీ మీద కాస్త నమ్మకం పెట్టుకోవచ్చు. అందరూ ఆమోదించారని ఒక్క ముక్కతో ముగించేస్తే, అటానమస్ అన్నది పేరుకే అనుకోవాలి.

2. మారిన రూల్స్ పట్టుకుని వెతకండి

ముందు ఫైనాన్స్. మన స్టాక్ మార్కెట్లో 2023 జనవరి నుంచి షేర్లన్నిటికీ టి ప్లస్ 1 సెటిల్‌మెంట్ వచ్చింది, అంటే కొన్న మర్నాటి పనిరోజుకే లావాదేవీ పూర్తవుతుంది. సోమవారం కొన్న షేరు ఇదివరకు బుధవారం సెటిలయ్యేది, ఇప్పుడు మధ్యలో సెలవు లేకపోతే మంగళవారమే. సిలబస్‌లోనో, క్లాస్ నోట్స్‌లోనో ఇంకా టి ప్లస్ 2 అనే ఉంటే ఆ నోట్స్ ఎప్పటివో ఇట్టే అర్థమవుతుంది.

ట్యాక్స్ పేపర్‌లో వ్యాట్, సర్వీస్ ట్యాక్స్ ప్రధాన పాఠాలుగా ఉన్నాయా? జీఎస్టీ 2017 జూలై 1నే వచ్చింది. ఆ సిలబస్ గురించి ఇంక మాట్లాడుకోనక్కర్లేదు. ఆదాయపు పన్నుకైతే 1961 చట్టం స్థానంలో 2025 చట్టం, అమలు తేదీ 2026 ఏప్రిల్ 1. అసెస్‌మెంట్ ఇయర్, ప్రీవియస్ ఇయర్ అని ఏళ్ల తరబడి బట్టీ పట్టించినవి పోయి, ట్యాక్స్ ఇయర్ అనే ఒకే లెక్క మిగులుతుంది.

హెచ్‌ఆర్ తీసుకునేవాళ్లు మరీ జాగ్రత్తగా చూడాలి. 29 కార్మిక చట్టాలను కలిపి నాలుగు లేబర్ కోడ్‌లు చేశారు. అవి 2025 నవంబర్ 21న అమల్లోకి వచ్చాయి. 1947 నాటి పారిశ్రామిక వివాదాల చట్టం ఇప్పుడు పారిశ్రామిక సంబంధాల కోడ్‌లో కలిసిపోయింది. 2022లో రాసిన సిలబస్‌లో పాత చట్టాల పేర్లుంటే దాన్ని తప్పుపట్టలేం. కానీ మేడమో, సారో క్లాసులో కొత్త కోడ్ చెబుతున్నారా అని సీనియర్లను అడగండి. సిలబస్ వెనకబడ్డా ఫ్యాకల్టీ చురుగ్గా ఉంటే నెట్టుకురావచ్చు. ఫ్యాకల్టీయే పాత నోట్స్ దాటకపోతే ఎంత కొత్త సిలబస్ అయినా దండగే.

3. పాత ప్రశ్నపత్రాలు పక్కపక్కన పెట్టి చూడండి

ఐదేళ్ల కిందటిది ఒకటి, నిరుటిది ఒకటి చాలు. "మార్కెటింగ్‌ను నిర్వచించి, దాని పరిధిని వివరించండి" లాంటి ప్రశ్నలే రెండింట్లోనూ ఉంటే, సిలబస్‌లో ఏం రాసినా క్లాసులో నడిచేది ఆల్ ఇన్ వన్ గైడే. మార్కులు ఎటు ఉంటే చదువు అటే పోతుంది కదా. కేస్ స్టడీ ప్రశ్నలో ఏ సంవత్సరం నాటి కంపెనీ ఉందో, ఎలాంటి లెక్కలు ఇచ్చారో కూడా గమనించండి.

4. ఎలక్టివ్ నిజంగా నడిచిందా అని అడగండి

జాబితాలో డజను ఉంటాయి. చాలినంత మంది తీసుకోలేదనో, చెప్పేవాళ్లు లేరనో చివరికి మిగిలేవి ఫైనాన్స్, మార్కెటింగ్, హెచ్‌ఆర్. "పోయిన బ్యాచ్‌లో అనలిటిక్స్ ఎంతమంది తీసుకున్నారు? ల్యాబ్‌లో పవర్ బీఐ, ఎస్‌క్యూఎల్ లాంటి డేటా టూల్స్ మీద చేయించారా, పీపీటీలతో సరిపెట్టారా?" అని సూటిగా అడగండి. ఈ ప్రశ్న అడ్మిషన్ ఆఫీసులో వేస్తే లాభం లేదు, సెకండియర్ వాళ్లకు వేయండి. ప్రాజెక్టు రిపోర్టులు ఎక్కడి నుంచి వస్తున్నాయో కూడా వాళ్లే చెబుతారు.

5. పాతదంతా తీసేయాలని చూడకండి

డబ్బుకు కాలంతో మారే విలువ, బ్రేక్ ఈవెన్, స్టాటిస్టిక్స్ ఎప్పటికీ ఉండాల్సినవే. 2009 జనవరిలో బయటపడ్డ సత్యం కంప్యూటర్స్ దొంగ లెక్కల వ్యవహారం కార్పొరేట్ గవర్నెన్స్‌లో ఇప్పటికీ మంచి పాఠమే. అయితే దాని తర్వాత వచ్చిన 2013 కంపెనీల చట్టంలో ఆడిటర్ల రొటేషన్ (కొన్నేళ్లకోసారి ఆడిటర్లను మార్చడం) ఎందుకు పెట్టారో కూడా చెప్పాలి. అక్కడిదాకా రాకపోతే అది పాత పేపర్ వార్త చదివినట్టే.

6. ఇప్పటికే చేరిపోయుంటే

ఫైనాన్స్ వాళ్లు సెబీ నెలకొల్పిన సంస్థ ఎన్‌ఐఎస్‌ఎం పెట్టే స్టాక్ మార్కెట్ పరీక్షల్లో తమకు పనికొచ్చేది ఒకటి రాయడం మేలు. మిగతావాళ్లు కేంద్ర ప్రభుత్వ ఆన్‌లైన్ కోర్సుల వేదిక స్వయం పోర్టల్‌లో కోర్సులు చూసుకోవచ్చు. ఒక సెమిస్టర్‌లో 40 శాతం వరకు కోర్సులను స్వయం ద్వారా చేసి క్రెడిట్లు తెచ్చుకునేందుకు యూజీసీ 2021 నిబంధనల్లో వీలుంది. అయితే ఏ కోర్సుకు క్రెడిట్ ఇవ్వాలో నిర్ణయించేది మీ యూనివర్సిటీయే. కాబట్టి రిజిస్టర్ చేసుకునే ముందే హెచ్‌ఓడీ దగ్గర రాతపూర్వకంగా ఒప్పుకోలు తీసుకోండి.