ఆర్ కరోనే బోరియాలిస్ స్టార్ చూసే ముందు ఇవి చూస్కోండి

మే నెలలో అర్ధరాత్రికి వైజాగ్‌లో ఈ స్టార్ (ఉన్నట్టుండి వెలుగు తగ్గిపోయే రకం) దాదాపు నడినెత్తికొస్తుంది, మెడ పట్టేస్తుంది, పడక కుర్చీ మర్చిపోకండి.

- బీచ్ రోడ్, హార్బర్ లైట్ల దగ్గర వద్దు. భీమిలి దాటితే నయం, ఒక్కళ్ళే మాత్రం వెళ్ళకండి.
- సముద్రపు తేమకి బైనాక్యులర్ అద్దాలు మసకేస్తాయి, అప్పుడు స్టారే తగ్గిందనిపిస్తుంది, పక్క స్టార్లు కూడా డల్ అయ్యాయేమో ముందు చూడండి.
- మామూలుగా 6వ మాగ్నిట్యూడ్ (వెలుగు కొలత, నంబర్ పెరిగేకొద్దీ మసక) దగ్గరుంటుంది, కార్బన్ మసి మేఘం అడ్డొస్తే 14 దాకా కూడా పడిపోద్ది, ఎప్పుడో ఎవ్వరూ చెప్పలేరు. కనపడలేదని పేజీ ఖాళీగా వదలొద్దు, స్టార్ల మాగ్నిట్యూడ్‌లు వేసుండే చార్ట్‌లో మీకు కనపడ్డ అన్నిటికన్నా మసక స్టార్ మాగ్నిట్యూడ్ వేసి "దీనికన్నా మసకే" అని రాయండి, అదీ డేటానే కదా.
- పాత రీడింగులు ముందే చూడొద్దు.
- ఎర్ర టార్చే వాడండి, ఫోన్ జేబులోనే.
- టైం యూటీలో (యూనివర్సల్ టైం, ప్రపంచమంతా వాడే ఒకే టైం) రాయాలి, మన టైంలోంచి 5:30 గంటలు తీసేస్తే అర్ధరాత్రి దాటాక తేదీ ముందురోజుది అవుతుంది, చూస్కోండి.