చిన్న హాలు ఆటకి నోటీసు, సమీక్ష రాయడం ఎలా

మా హాల్లో వారానికి ఒక్కటే సినిమా ఆట. నోటీసు రాసేదీ నేనే, ఆట అయ్యాక సమీక్ష రాసేదీ నేనే. కుర్చీలు సర్దే పని కూడా నాదే.

ప్రదర్శన హక్కుల అనుమతి చేతికి వచ్చేదాకా సినిమా పేరు బయటపెట్టకండి. డిస్క్ కొనుక్కున్నంత మాత్రాన పదిమందిని పోగేసి చూపించే హక్కు రాదు.

నోటీసులో ముందు రోజు, టైము, నిడివి, భాష. పొగడ్త ఆ తర్వాతే. సబ్‌టైటిళ్ల సంగతి తప్పకుండా రాయండి. ఒకసారి నేను మర్చిపోయాను. కళ్లజోడు తెచ్చుకోని పెద్దాయనొకరు పక్కావిడ చేత సినిమా మొత్తం చదివించుకున్నారు. హాలంతా ఆవిడ గొంతే!

పాత సినిమా అయితే ఇంకో ముక్క కలపండి. 1950కి ముందువి చాలావరకు 1.37:1 కొలతలో, అంటే ఎత్తుకి 1.37 రెట్ల వెడల్పుతో తీసినవే, ఇప్పటి వెడల్పాటి తెరకి రెండు పక్కలా నల్లపట్టీలు వస్తాయి. అది ప్రొజెక్టర్ లోపం కాదు. తెర నిండాలని సాగదీస్తే ముఖాలన్నీ బొద్దుగా తయారవుతాయి.

సమీక్ష ఆ రాత్రే రాసేయాలి, తెల్లారితే సగం ఆవిరి. కథకి రెండు వాక్యాలు చాలు. మిగతాదంతా ఒక్క సన్నివేశానికి ఇవ్వండి. “నటన అద్భుతం” అంటే ఎవరికీ ఏమీ తెలియదు. “ఉత్తరం చదివి, మడిచి, మళ్లీ విప్పి చూసుకుంది” అని రాయండి, చాలు. హాల్లో ఎక్కడ నవ్వారో, ఎక్కడ దగ్గులు మొదలయ్యాయో కూడా నేను రాస్తాను. దగ్గులు మొదలయ్యాయంటే అక్కడ సినిమా విసుగ్గా సాగుతోందని లెక్క.

ముగింపు మాత్రం చెప్పకండి. వచ్చే నెల అదే సినిమా మళ్లీ వేయాల్సి రావచ్చు.